45 రోజుల లాబ్రడార్ (ల్యాబ్) కుక్కపిల్లను కొనాలా, షెల్టర్ నుంచి పెద్ద కుక్కను తెచ్చుకోవాలా?

మియాపూర్_మూడో_అంతస్తు:
అందరికీ నమస్కారం. మాది మియాపూర్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. మేమిద్దరం ఉదయం 9కి వెళ్తే సాయంత్రం 6కి వస్తాం. ఇంట్లో అత్తయ్యగారు ఒక్కరే ఉంటారు, ఆవిడకి మోకాళ్ల నొప్పులు. బాబుకి ఏడేళ్లు, వాడికి ల్యాబే కావాలట. ఒకాయన వాట్సాప్‌లో 45 రోజుల పిల్ల వీడియో పంపాడు. ‘డబుల్ బోన్, ఫస్ట్ వ్యాక్సిన్ అయిపోయింది, కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) పేపర్ కావాలంటే ఎక్స్‌ట్రా’ అన్నాడు. అడ్వాన్స్ వేస్తే ఇంటికే తెచ్చిస్తాడట. మా వారు షెల్టర్ నుంచి తెచ్చుకుందాం అంటున్నారు. ఆ కుక్కలు ఎలాంటి చోట పెరిగాయో మనకు తెలియదు కదా, చిన్నపిల్లాడున్న ఇల్లు. ఏం చేయమంటారు?

తోకాడించు:
అడ్వాన్స్ మాత్రం వేయకండి. ముందు ఆ 45 రోజుల సంగతి చూద్దాం.

2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం 8 వారాలు, అంటే 56 రోజులు నిండని పిల్లను అమ్మకూడదు. ఆ మిగతా పదకొండు రోజులు పిల్లకు చాలా అవసరం. ఆటలో తోటి పిల్లను గట్టిగా కొరికితే అది కుయ్యోమని ఆట మానేస్తుంది, తల్లి గుర్రుమంటుంది. పన్ను ఎంతవరకు నొక్కవచ్చో అలా తెలుస్తుంది. ముందే విడదీస్తే ఆ కొరుకుడంతా మీ బాబు చేతుల మీదే.

ఇక టీకా. తల్లి పాల ద్వారా వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నన్నాళ్లూ టీకాను సరిగ్గా పనిచేయనివ్వదు. అది ఏ పిల్లలో ఏ వారం తగ్గుతుందో చెప్పలేం. అందుకే 6–8 వారాల మధ్య మొదలుపెట్టి, 3–4 వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా వేయిస్తారు. ఒక్క ఇంజెక్షన్ పడింది కదా అని పార్వో (పిల్లల పేగులను దెబ్బతీసే వైరస్ జబ్బు) రాదనుకోవద్దు. అది సోకాక మామూలుగా 3 నుంచి 7 రోజులకు బయటపడుతుంది. అమ్మినరోజు గంతులేసిన పిల్ల నాలుగో రోజుకి తిండి మానేసి, వాంతులతో, నెత్తురు విరేచనాలతో పడిపోయేది ఇందుకే. ఆ వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది, ఫినాయిల్‌కి లొంగదు. బ్లీచింగ్ ద్రావణంతోనే కడగాలి.

కొనాలనే నిర్ణయించుకుంటే పిల్ల పుట్టిన చోటికే వెళ్లి చూడండి. తల్లి అక్కడే ఉండాలి. కొత్తవాళ్లు వస్తే తల్లి ఎలా ఉంటుందో గమనించండి, మూలకి నక్కే తల్లి పిల్లల్లోనూ ఆ బెదురు ఎక్కువగా కనిపిస్తుంది. రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ చూపించమనండి. ల్యాబ్‌లలో తుంటి కీలు వదులుగా ఉండటం వంశపారంపర్యంగా వచ్చే జబ్బు, కాబట్టి తల్లిదండ్రులిద్దరి తుంటి ఎక్స్‌రేలు అడగండి. టీకా కార్డు చేతిలోకి తీసుకుని చూడండి. వ్యాక్సిన్ సీసా మీది స్టిక్కర్ ఊడదీసి అందులో అంటిస్తారు, దాని మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. పక్కనే డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. పెన్నుతో తేదీ ఒక్కటే రాసి ఉంటే టీకా పడనట్టే లెక్క.

కేసీఐ కాగితం వంశవృక్షం చెబుతుంది, ఆరోగ్యం గురించి చెప్పదు. ‘డబుల్ బోన్’ అనే రకమే లేదు, అది బజారు మాట. బరువెక్కిన ల్యాబ్‌కి కీళ్ల మీద భారమే పెరుగుతుంది.

రామంతపూర్_వాకర్:
అక్కా, జాతి కన్నా ముందు మీ ఇల్లు, మీ టైమ్ చూడాలి. రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకు మించి ఉచ్చ ఆపుకోలేదు. తిన్నాక, నిద్ర లేచాక, ఆడాక ప్రతిసారీ బయటికి తీసుకుపోవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ రోజుకు ఎనిమిదిసార్లు మూడంతస్తులు దిగలేరు. పైగా ల్యాబ్ పిల్లకు ఎదిగే వయసులో రోజూ ఇన్ని మెట్లు, నున్నటి టైల్స్ మీద జారడం తుంటికి మంచిది కాదు. పెద్దయ్యాక 30 కిలోలు, కాలు పట్టేస్తే ఎత్తుకుని దింపాల్సింది మీరే.

చిన్న జాతులని మోసపోవద్దు. బీగిల్ 10–12 కిలోలే కానీ వాసన పట్టే వేటకుక్క, ఒంటరిగా ఉంటే అరుపులతో అపార్ట్‌మెంట్ అంతా వినిపిస్తది. పగ్‌కి ముక్కు చప్పిడి, వగర్చి ఒళ్లు చల్లబరుచుకోవడం దానికి కష్టం, మే నెలలో ప్రాణం మీదికి వస్తది. హస్కీ మన ఎండలకు అసలు వద్దు. నాటు కుక్కలు ఈ వాతావరణానికి పుట్టినవే, ఎక్కువ శాతం 15–25 కిలోల మధ్య ఉంటయి, బొచ్చు పొట్టి.

మియాపూర్_మూడో_అంతస్తు:
తల్లిని చూపించమంటే ‘వేరే ఊళ్లో ఉంది’ అన్నాడు. అడ్వాన్స్ మానేశాం. షెల్టర్‌కి వెళ్తే ఏం చూడాలి? పిల్లా, పెద్దదా?

ఫోస్టర్_ఇల్లు:
మీ ఇంటికి రెండు నుంచి నాలుగేళ్ల పెద్ద కుక్క సరిపోతుందండి. పిల్ల ఎలా తయారవుతుందో ఊహించాలి, పెద్దదాని బరువు, స్వభావం కళ్ల ముందే ఉంటాయి. ఎక్కడ పెరిగిందో తెలియకపోయినా ఇప్పుడు ఎలా ఉందో చూడొచ్చు. జూబ్లీహిల్స్‌లో బ్లూక్రాస్ అనే జంతు సంరక్షణ సంస్థ ఉంది, ఫోస్టర్ ఇళ్లలో (దత్తత దొరికేదాకా తాత్కాలికంగా చూసుకునే ఇళ్లలో) ఉంచేవాళ్లూ ఉంటారు. ఫోస్టర్‌లో ఉన్నదైతే ఇంకా మేలు, ఇంట్లో ఎలా మసలుతుందో వాళ్లు చెప్పగలరు. ల్యాబే కావాలంటే, వదిలేసిన ల్యాబ్‌లు కూడా షెల్టర్లకు వస్తుంటాయి.

ఒకసారి చూసి తెచ్చేయకండి, రెండు మూడుసార్లు వెళ్లండి. ఒకసారి బాబుని తీసుకెళ్లండి. వాణ్ణి పక్కకి తిరిగి కూర్చోమనండి, కుక్కే దగ్గరికి రావాలి. వచ్చి వాసన చూసి ఒళ్లంతా వదులుగా తోకాడిస్తే మంచిదే. బిగుసుకుపోయి, మూతి నాక్కుంటూ, కళ్ల తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తే మీ ఇంటికి అది కాదు. తింటున్నప్పుడు మనిషి పక్కనుంచి నడిస్తే ఏం చేస్తుందో షెల్టర్ వాళ్లనే చేసి చూపించమనండి, మీరు గిన్నెలో చెయ్యి పెట్టకండి. మెట్లు ఎక్కి దిగుతుందా, ఒంటరిగా ఎన్ని గంటలు ఉంటుంది, ఇవి కూడా అడగండి.

తెచ్చేముందు రక్తపరీక్ష చేయించాలి. గోమార్ల వల్ల వచ్చే ఎర్లికియా, బెబీసియా అనే రక్త జబ్బులు మన దగ్గర మామూలు. ప్లేట్‌లెట్లు తక్కువుంటే అనుమానించాలి. చెవి కొస కొద్దిగా కత్తిరించి ఉంటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయినట్టు గుర్తు. రేబిస్ సర్టిఫికెట్ తీసుకోండి, మున్సిపల్ కార్పొరేషన్ లైసెన్సుకి అదే కావాలి. సొసైటీ వాళ్లు కుక్కలు వద్దంటే, నివాస సంఘాలు పెంపుడు జంతువులను నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు ఉన్నాయని చూపించండి.

మొదటి రెండు వారాల్లో పెద్ద ప్రమాదం తప్పించుకుపోవడమే. బెదిరిన కుక్క వెనక్కి లాగితే మెడ బెల్టు తల మీంచి జారిపోతుంది. హార్నెస్ (ఛాతీ చుట్టూ కట్టే పట్టీ), మెడ బెల్టు రెండూ వేసి రెండింటికీ తాడు తగిలించండి. బెల్టుకి ఫోన్ నంబరు బిళ్ల ఉండాలి. తలుపు దగ్గర పిల్లల గేటు ఒకటి పెట్టండి, కాలింగ్ బెల్ మోగితే అత్తయ్యగారు పరిగెత్తలేరు.

నాలుగు రోజులు సెలవు దొరికినప్పుడు తెచ్చుకుని, మొదటిరోజు నుంచే ఐదు నిమిషాలు వదిలి బయటికి వెళ్లి రండి, తర్వాత పావుగంట, గంట. మధ్యాహ్నం ఒకసారి తిప్పడానికి మనిషిని పెట్టుకోండి. దీపావళి ముందు పది రోజుల్లో మాత్రం తేవద్దు. ఇల్లు ఇంకా అలవాటు కాకముందే టపాసులు పేలితే ఎటు పారిపోతుందో తెలియదు.