తమ్ముడికి ఆర్‌పీ, సర్టిఫికెట్‌లో 40 శాతమే: 80యూ పన్ను మినహాయింపు ఎంత వస్తుంది?

గచ్చిబౌలి_అక్క:
తమ్ముడికి రెటినైటిస్ పిగ్మెంటోసా (ఆర్‌పీ), అంటే పక్కచూపు తగ్గిపోతూ వచ్చే కంటిజబ్బు. బోర్డు మీద అక్షరాలు 6/12 దాకా చదువుతాడు, పక్కన నిలబడ్డ మనిషి మాత్రం కనపడడు. సదరంలో 40 శాతం, టెంపరరీ అని రాశారు. దాని గడువు 2025 డిసెంబరుతో అయిపోయింది. జీతం ఏడాదికి 14 లక్షలు. 2025-26 ఆదాయపన్ను రిటర్న్‌లో 80యూ (వైకల్యం ఉన్నవాళ్లు తమ ఆదాయంలోంచి తీసేసుకునే మినహాయింపు) కింద 75 వేలు పెట్టాలా, లక్షా పాతికా? పోనీ అక్కగా నేను నా రిటర్న్‌లో 80డీడీ పెట్టుకోవచ్చా? రైలు రాయితీ కూడా ఉందంటున్నారు, నిజమేనా?

లెక్కల_మాస్టారు:
80డీడీ మాట మరిచిపోండి మేడమ్. అది మన మీద ఆధారపడి బతికేవాళ్ల కోసం. 14 లక్షలు తెచ్చుకునే తమ్ముడు మీ డిపెండెంట్ ఎలా అవుతాడు?

80యూలో 40 నుంచి 80 లోపు శాతానికి 75,000, 80 ఆపైన 1,25,000. బిల్లులేవీ అక్కర్లేదు. సర్టిఫికెట్ గడువు ఏడాది మధ్యలో తీరినా ఆ ఆర్థిక సంవత్సరం మొత్తానికీ చెల్లుతుంది. కాబట్టి 2025-26కి ఇబ్బంది లేదు, 2026-27కి మాత్రం కొత్తది ఉండాల్సిందే. 10-ఐఏ ఫారం (80యూ కోసం డాక్టర్ ఇచ్చే ధ్రువపత్రం) ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ లాంటివాటికి, చూపుకి కాదు.

అసలు చిక్కు వేరే ఉంది. 80యూ పాత పన్ను విధానంలోనే దొరుకుతుంది. కొత్త విధానంలో మీ తమ్ముడి పన్ను: 14 లక్షల్లో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోతే 13.25 లక్షలు, పన్ను 78,750, సెస్‌తో 81,900. పాతదానిలో లక్షా పాతికే వచ్చిందనుకుందాం. స్టాండర్డ్ 50,000, 80సీ (పీఎఫ్, ఎల్ఐసీ లాంటి పొదుపు) లక్షన్నర కూడా తీసేసినా 1,40,400 కట్టాలి! పాతది గిట్టుబాటు కావాలంటే హెచ్ఆర్‌ఏ (ఇంటి అద్దె అలవెన్స్), ఇంటి లోన్ వడ్డీ కలిపి ఇంకో 2,43,750 పైన చూపించాలి. అద్దె గట్టిగా కట్టేవాళ్లకే అది. దాన్నే ఎంచుకుంటే గడువులోగా రిటర్న్ వేయాలి, ఆలస్యమైతే కొత్తదే ఖాయం.

చాలామంది వదిలేసేది ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్. 2025-26 లెక్కలో చూపు లేని ఉద్యోగికి నెలకు 3,200 దాకా రెండు విధానాల్లోనూ పన్ను ఉండదు. ఏడాదికి 38,400 అంటే, ఇతను ఆ లెక్కలోకి వస్తే, కొత్త విధానంలో దాదాపు 5,990 మిగులు. అయితే జీతం స్లిప్‌లో ఆ పేరుతో అలవెన్స్ పడి ఉండాలి, రిటర్న్‌లో మనంతట మనం తీసేసుకోవడానికి కుదరదు. ఏప్రిల్‌లోనే హెచ్ఆర్‌కి యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) కాపీ ఇచ్చి జీతంలో ఆ పద్దు పెట్టమనండి.

మెహదీపట్నం_స్టాప్:
ఆ 40 శాతం ఎలా వచ్చిందో ముందు చూడండి. చూపు ఒక్కటే కొలిస్తే 6/12కి సున్నా శాతం. కేంద్రం మార్గదర్శకాల్లో ఫీల్డ్‌ని (తల కదపకుండా ఎంత వెడల్పు కనపడుతుందో దాన్ని) కూడా లెక్కిస్తారు: 40 డిగ్రీల లోపు నుంచి 20 దాకా ఉంటే 40 శాతం, 20 లోపు నుంచి 10 దాకా ఉంటే రెండు కళ్లకీ 70, పదికి లోపైతే 90. అంటే మధ్య మెట్టు మీద ఆగినా 75 వేలే. (ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగుంటే 30 శాతమే, దానికి 80యూ రాదు.)

ఈ జబ్బులో ఫీల్డ్ ఏడాదికేడాది కుంచించుకుపోతుంది, అందుకే పాత పెరిమెట్రీ (ఫీల్డ్ కొలిచే టెస్ట్) రిపోర్ట్‌తో వెళ్లొద్దు. రెండు కళ్లదీ కొత్తగా తీయించండి. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసిన రోజు ఆ టెస్ట్ చేయించొద్దు. ప్రింటవుట్‌లో ఫిక్సేషన్ లాసెస్ (చూపు మధ్య చుక్క మీద నిలవని సార్లు) అన్న వరుస చూడండి. అది ఎక్కువగా ఉంటే డాక్టర్ ఆ రిపోర్ట్‌ని పక్కన పడేయొచ్చు.

యూడీఐడీకి స్వావలంబన్ కార్డ్ పోర్టల్‌లోగానీ మీసేవలోగానీ రెన్యూవల్ కింద పెట్టండి. ఆధార్‌లో ఇంటిపేరు ఎలా ఉంటే అక్షరం తేడా లేకుండా అలాగే. నీలం కార్డు వస్తే 80 శాతం ఆపైన, పసుపు వస్తే 40 నుంచి 80 లోపు.

సికింద్రాబాద్_స్లీపర్:
రైలు విషయం. చూపు బొత్తిగా లేనివాళ్లకే రాయితీ. స్లీపర్, థర్డ్ ఏసీల్లో 75 శాతం, సెకండ్ ఏసీలో 50. తోడు వచ్చేవాళ్లకీ అంతే. రాజధాని ఎక్స్‌ప్రెస్‌లో థర్డ్ ఏసీకి 25 మాత్రమే. మీ తమ్ముడికి 90 శాతం పడినా 6/12 చదువుతున్నాడు కనక రైల్వే రాయితీ ఫారం మీద డాక్టర్ సంతకం పెట్టరు. యూడీఐడీ చూపిస్తే కౌంటర్‌లో ఇచ్చేస్తారని ఎవరన్నా నమ్మకండి. అర్హత ఉన్నవాళ్లయినా ముందు రైల్వే దివ్యాంగజన్ కార్డు తీసుకోవాలి. తత్కాల్‌లో అదీ పనిచేయదు.