పదిహేను ఇళ్లకూ ఒకే సైజు సోలార్ వాటర్ హీటర్ పెట్టించుకోవచ్చా?

నీళ్లపొయ్యి కోడలు అడిగింది (ఇక్కడ అందరివీ ఇలాంటి మారుపేర్లే):

నమస్కారమండీ. ప్రశ్న కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మాది ఊరి చివర వీధి. పదిహేను ఇళ్లు, అందరికీ ఒకటే ట్రాన్స్‌ఫార్మర్. చలికాలంలో పొద్దున్న ఆరయిందంటే గీజర్లన్నీ ఒక్కసారే పడతాయి. బల్బు చింతనిప్పులా ఎర్రబడుతుంది, గీజర్ దగ్గర గంట నిలబడ్డా నీళ్లు కాగవు. చివరికి అత్తయ్యే పెరట్లో కట్టెల పొయ్యి రాజేసి కాగులో కాచిస్తుంది. ఆ పొగకి ఆమెకి దగ్గు. నాకేమో వారానికోసారి మసి కాగు తోమే పని.

మొన్న ఒకాయన వచ్చి, వీధి మొత్తం కలిసి తీసుకుంటే ఒక్కో ఇంటికి 200 లీటర్ల సోలార్ బిగిస్తానన్నాడు. మగవాళ్లంతా సై అన్నారు. నాకు టెన్షన్ ఏంటంటే, మా ఆడపడుచు వాళ్లు రెండేళ్ల కింద పెట్టించుకున్న సోలార్ ఇప్పుడు గోరువెచ్చటి నీళ్లు కూడా ఇవ్వట్లేదు. బిగించినవాళ్లు ఫోన్ ఎత్తరు. మాదీ వాళ్లదీ ఒకే రకం బోరు నీళ్లు, గిన్నెలో మరగబెడితే అడుగున తెల్లగా సున్నం కడుతుంది.

ఇంట్లో ఆరుగురం. బాత్రూం పెరటి వైపు కింద ఉంది, సోలార్ పెడితే డాబా మీద రెండో చివర పెట్టాలి. సోలారా, హీట్ పంపా, ఉన్న గీజరే మార్చుకోవాలా? వీధంతా ఒకేలా తీసుకోవడం తెలివైన పనేనా?

యూనిట్ల లెక్క:

చెల్లెమ్మా, ఏది కొనాలన్నది తర్వాత. ముందు మీకు ఎన్ని వేన్నీళ్లు కావాలో కొలవండి. ఈ పని ఎవరూ చెయ్యరు, అమ్మేవాడు అసలే చెయ్యడు.

లెక్క తేలికే. లీటరు నీటిని ఒక డిగ్రీ పెంచడానికి ఒక కిలోక్యాలరీ. కరెంటు ఒక యూనిట్ అంటే 860 కిలోక్యాలరీలు. ఆరుగురు తలా 20 లీటర్ల బకెట్ పోసుకుంటే 120 లీటర్లు. ఒంటికి హాయిగా ఉండేది 40 డిగ్రీలు. చలికాలం చన్నీళ్లు 22 ఉన్నాయనుకుందాం. 18 డిగ్రీలు పెంచాలి, అంటే 2,160 కిలోక్యాలరీలు, రెండున్నర యూనిట్లు. ట్యాంకులో 60 డిగ్రీల నీళ్లుంటే వాటిలో 57 లీటర్లు చాలు, మిగతాది చన్నీళ్లు కలుపుకునేదే. మబ్బు రోజుకి కొంత ఎక్కువ పెట్టుకున్నా ఆరుగురికి 100 లీటర్లది సరిపోతుంది. మీ వీధిలో ఇద్దరే ఉండే ముసలివాళ్ల ఇంటికి 200 లీటర్లు దేనికి?

గీజర్ గంట పట్టడంలో గీజర్ తప్పు లేదు. వోల్టేజీ పడితే వాటేజీ దాని వర్గం లెక్కన పడిపోతుంది. 230 ఉండాల్సింది 170కి వచ్చిందంటే 2 కిలోవాట్ల గీజర్ 1.1 మాత్రమే ఇస్తుంది. అరగంటలో కాగే 25 లీటర్లకి గంట పడుతుంది. పదిహేను గీజర్లు ఒకేసారి వేస్తే 30 కిలోవాట్లు. పల్లెల్లో ఉండే చిన్న 25 కేవీఏ (అంటే 25 కిలోవాట్లకి మించి మోయలేని) ట్రాన్స్‌ఫార్మర్ అయితే అక్కడే చేతులెత్తేస్తుంది. కాబట్టి మీ వీధికి అందరూ ఒకే సామాను కొనడం ముఖ్యం కాదు. అందరూ ఆరింటికే కరెంటు లాగకుండా చూసుకోవాలి. టైమర్లు పెట్టుకుని వంతులేసుకున్నా సగం బాధ తీరుతుంది, పైసా పెట్టుబడి లేకుండా... సరే, టైమర్ ఖర్చు ఉంటుందిలెండి.

రెంచి చేతిలో:

సోలార్లు బిగించేదీ, ఇంకొకరు బిగించినవి బాగుచేసేదీ నా పని. రెండోదే ఎక్కువ.

అక్కా, మీ ఆడపడుచుగారి డాబా ఎక్కి ముందు ఒకటి చూడండి. గాజు ట్యూబుల కింది కొన అద్దంలా వెండిరంగులో మెరవాలి. పాల రంగుకు తిరిగిందంటే ఆ ట్యూబులో వాక్యూం (రెండు గాజు పొరల మధ్య గాలి లేని ఖాళీ) పోయినట్టే. ఇంక అది ఉత్త గాజు గొట్టం, ఎంత ఎండ తగిలినా ఆ వేడి మళ్లీ గాలిలోకే పోతుంది. చెయ్యి పెట్టినా తెలిసిపోతుంది. మంచి ట్యూబు మిట్టమధ్యాహ్నం కూడా పైన వేడిగా ఉండదు, పాడైనది కాలుతుంది.

రెండోది సున్నం. మీ నీళ్లకి రాగి గొట్టాల ఫ్లాట్ ప్లేట్ రకం నేరుగా పెట్టకండి, సన్న గొట్టాలు పూడిపోతాయి. గాజు ట్యూబుల రకమైతే విప్పి కడగొచ్చు. కడిగే రోజు మాత్రం తెల్లవారకముందే మొదలుపెట్టాలి. ఎండకి కాగిన ఖాళీ ట్యూబులోకి చన్నీళ్లు వదిలితే టప్పున పగులుతుంది. నేను పని నేర్చుకునే రోజుల్లో పదకొండింటికి ఆ తెలివితక్కువ పని చేసి మూడు ట్యూబులు నా డబ్బుతో మార్చాను. ట్యాంకు లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. ట్యాంకుని తుప్పు తినేయకుండా అదే ముందు కరిగిపోతుంది. ఏటా ఒకసారి విప్పి చూసి, అరిగితే మార్చాలి. ఈ ముక్క కొన్నవాళ్లకి చెప్పేవాళ్లు తక్కువ.

మూడోది స్విచ్చి. సోలార్ ట్యాంకులో కరెంటు బ్యాకప్ రాడ్డు ఉంటుంది కదా, చాలా ఇళ్లలో దాన్ని ఎప్పుడూ ఆన్‌లోనే వదిలేస్తారు. తెల్లారేసరికి కరెంటే నీళ్లు కాచేసి పెడితే సూర్యుడు వచ్చి చేసేదేముంది? తర్వాత బిల్లు తగ్గలేదని సోలార్‌ని తిడతారు.

అన్నిటికంటే పెద్దది పైపు. డాబా ఆ చివర నుంచి పెరటి బాత్రూంకి ఎన్ని మీటర్లు? ముప్పావు అంగుళం సీపీవీసీ (వేడి నీళ్లకి వాడే ప్లాస్టిక్) పైపులో మీటరుకి పావు లీటరు నీళ్లు నిలుస్తాయి. పాతిక మీటర్లంటే ఆరు లీటర్లు దాటుతుంది. కుళాయి తిప్పినప్పుడల్లా ముందు ఆ చల్లారిన నీళ్లు పోవాలి, కట్టేశాక అంతే వేడి నీళ్లు పైపులో నిలిచి చల్లారాలి. ట్యాంకుని బాత్రూం నెత్తిన పెట్టడం కుదురుతుందేమో చూడండి. కుదరకపోతే అరంగుళం పైపు వేసి నల్ల ఫోమ్ తొడగండి. మామూలు పీవీసీ మాత్రం వద్దు, వేడికి మెత్తబడి వంగిపోతుంది.

ఇంకోటి: మామూలు రకం సోలార్‌కి చన్నీళ్ల ట్యాంకు అడుగు సోలార్ ట్యాంకు పైభాగం కంటే ఎత్తులో ఉండాలి. రెండూ డాబా మీద పక్కపక్కనే ఉంటే ముందు దిమ్మె కట్టించండి.

వెనకవరండా:

మాది హీట్ పంప్. ఫ్రిజ్ వెనక చెయ్యి పెడితే వెచ్చగా ఉంటుంది చూడండి, అదే పని. బయటి గాలిలో ఉన్న వేడిని లాగి నీళ్లలో వేస్తుంది. గీజర్ మూడు యూనిట్లు తినేచోట ఇది సుమారు ఒకటి తింటుంది.

మేం చేసిన తప్పు చెప్తాను. వానకి తడవకుండా తలుపున్న కొట్టుగదిలో పెట్టించాం. గాలిలో వేడంతా అదే లాగేసుకుని గది మంచుగదిలా అయ్యింది, మెషీన్ గంటల తరబడి ఆడుతూనే ఉంది. బయటికి తీసి వెనక వరండాలో పెట్టాకే దారికొచ్చింది. నిద్రపోయే గది గోడకి ఆనించకండి, రొద ఉంటుంది. కింద నీళ్లు కారుతాయి, అది లీకు కాదు, గాలిలో తేమే. నేను దాన్ని మొక్కల పాదులోకి మళ్లించాను.

మీ వోల్టేజీ అంత పడుతుంటే కంప్రెసర్‌కి మంచిది కాదు, స్టెబిలైజర్ తప్పదు. నేను మాత్రం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా టైమర్ పెట్టాను. ఆ వేళ గాలి వేడిగా ఉంటుంది కాబట్టి తక్కువ కరెంటుతో కాగిపోతాయి, వీధి లైన్ మీద బరువూ ఉండదు. మర్నాడు పొద్దున్నకి కూడా బాగానే వేడిగా ఉంటాయి.

యూనిట్ల లెక్క:

పొద్దున్నకి వేడిగా ఉండటం గురించి ఒక ముక్క. సోలార్ నీళ్లు కొత్త సరుకేం కాదు. 1891లోనే అమెరికాలో క్లారెన్స్ కెంప్ అనే ఆయన పేటెంట్ తీసుకున్నాడు. గాజు మూత పెట్టెలో ట్యాంకులు, అంతే. సాయంత్రం వేడి, రాత్రికి చల్లన. 1909లో విలియం బెయిలీ ట్యాంకుని ఎండ పట్టే పలక నుంచి విడదీసి, ఇంట్లో పెట్టి, చుట్టూ ఇన్సులేషన్ (వేడి పోనివ్వని పొర) కట్టాడు. అప్పటి నుంచే పొద్దున్న స్నానం సాధ్యమైంది. అందుకే ట్యూబులు ఎన్నని కాదు, ట్యాంకు చుట్టూ ఫోమ్ ఎంత మందమో అడగండి.

కరెంటు ఆదా అని థర్మోస్టాట్‌ని (నీళ్ల వేడి ఎంత ఉండాలో పెట్టే మీట) 45 డిగ్రీల దగ్గర పెట్టి వదిలేయకండి. గోరువెచ్చటి నిల్వ నీళ్లలో లెజియొనెల్లా అనే, న్యుమోనియా తెచ్చే బాక్టీరియా పెరుగుతుంది. ట్యాంకులో 60 ఉంచండి, బకెట్‌లో కలుపుకోండి. బకెట్‌లో ముందు చన్నీళ్లు, తర్వాత వేన్నీళ్లు. 60 డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లలోనే ఒళ్లు కాలుస్తాయి, ఇంట్లో పెద్దావిడ ఉన్నారు కదా.

పాతచేతి వంట:

పొయ్యి మాత్రం పీకేయకండమ్మా. మూడు రోజులు ముసురు పట్టి కరెంటు కూడా పోతే ఏం చేస్తారు? మూడు రాళ్ల పొయ్యిలో కట్టె వేడి ఏడో వంతు కూడా నీటికి అందదు, మిగతాదంతా పొగా గాలీ. మధ్యలోంచి పొగగొట్టం పోయే రాగి బాయిలర్ ఒకటి కొనిపెట్టండి మీ అత్తగారికి. ఎండిన కట్టె వాడమనండి. పచ్చికట్టె వేడిలో కొంత దాని తడి అది ఆరబెట్టుకోవడానికే పోతుంది.

నీళ్లపొయ్యి కోడలు:

అందరికీ దండాలు. నాలుగు రోజులు కొలిచి వచ్చాను.

నా అంచనా తప్పింది. అత్తయ్య, మామయ్య చెరో బకెట్టు. పిల్లలిద్దరికీ కలిపి ఒక్కటి చాలు. మా ఆయనకి చన్నీళ్లే కావాలట, పెళ్లయి పన్నెండేళ్లయినా నేను గమనించలేదు! నాతో కలిపి నాలుగు బకెట్లు. ఆరు కాదు.

పైపు సంగతి ఆడపడుచు వాళ్లింట్లో చూశాను. కుళాయి తిప్పి బకెట్ పెట్టాను. చెయ్యికి వెచ్చదనం తగిలేసరికి ఎనిమిది లీటర్ల గీత దాటింది. వాళ్లు ఒకరు ఏడింటికి, ఒకరు ఎనిమిదిన్నరకి, ఒకరు పదింటికి పోసుకుంటారు. ప్రతిసారీ ఎనిమిది లీటర్లు నేలపాలు. డాబా కూడా ఎక్కాను. ఇరవై ట్యూబుల్లో ఏడు అడుగున పాలరంగులో ఉన్నాయి. బ్యాకప్ స్విచ్చి ఆన్‌లో ఉంది, ఎప్పటి నుంచో ఎవరికీ తెలీదు.

వీధి మీటింగులో కాగితం మీద రాసి చూపించాను. ఆ ఒకే సైజు బేరం ఆగింది. డాబా మీద ఎండ బాగా పడే తొమ్మిది ఇళ్లవాళ్లు మనుషుల్ని బట్టి సోలార్, ట్యాంకు బాత్రూం నెత్తినే. చెట్టునీడలో ఉన్న మూడు ఇళ్లు హీట్ పంపు, మధ్యాహ్నం టైమర్‌తో. మిగతా మూడు ఇళ్లు ఈ ఏటికి గీజర్లే, కానీ ఐదింటికి ఒకరు, ఐదున్నరకి ఒకరు, ఆరింటికి ఒకరు. ఐదింటి వంతు ఎవరికన్నదాని మీద ఇంకా గొడవ నడుస్తోంది.

రెంచి తమ్ముడూ, ఒక్కటి చెప్పు. మా బాత్రూం కప్పు రేకులది. నీళ్లతో కలిపి 100 లీటర్ల ట్యాంకు బరువు మోస్తుందా, లేక పక్కన ఇనుప స్టాండు వేయించాలా?

రెంచి చేతిలో:

రేకుల మీద వద్దక్కా. నీళ్లే వంద కిలోలు, ట్యాంకూ ఫ్రేమూ వేరే. పక్కన స్టాండు వేయించండి, కాళ్లు కాంక్రీటులో దించండి, గాలికి కదలకూడదు. మొహం దక్షిణానికి ఉంచండి. కొలతలు పెడితే రాత్రికి చూసి చెప్తాను.