"వోల్టేజి మార్చే స్విచ్" అనవచ్చా? శ్రేణి, సమాంతరం మాటలపై సందేహం

పోస్టు
లోపల ప్రీయాంప్ (తీగల సిగ్నల్‌ను పెంచే చిన్న సర్క్యూట్) ఉన్న గిటార్లకు బ్యాటరీ కావాలి. మామూలుగా 9 వోల్టులది ఒకటి చాలు. కొందరు రెండు పెట్టి, ఒక చిన్న స్విచ్‌తో 9 గానీ 18 గానీ ఎంచుకుంటారు. ఆ వైరింగును తెలుగులో రాస్తూ మొదటి వాక్యం ఇలా పెట్టాను: "ఈ స్విచ్ 9 వోల్టులను 18 వోల్టులుగా మారుస్తుంది." చదివిన స్నేహితుడు "ఇంత చిన్న స్విచ్‌లో అంత సర్క్యూట్ ఎలా పట్టింది?" అని అడిగాడు. అతని తప్పేం లేదు, నా వాక్యమే అలా చెప్పింది. ఎలా రాయాలి? సీరీస్, పేరలల్ అనే మాటలకు పాఠ్యపుస్తకాల్లోని శ్రేణి సంధానం, సమాంతర సంధానం వాడితే సరిపోతుందా?

జవాబు
సరిపోతాయి. తెలుగు మీడియంలో భౌతికశాస్త్రం చదివినవాళ్లందరికీ తెలిసిన మాటలే. కొత్తవి పుట్టిస్తే అయోమయం తప్ప లాభం లేదు.

మరో జవాబు
ముందు "మార్చు" సంగతి చూద్దాం, అసలు చిక్కు అక్కడే ఉంది. "నీటిని ఆవిరిగా మార్చు" అంటే ఆ నీరే ఆవిరి అయిందని అర్థం. "ఫలానాదాన్ని ఫలానాగా మార్చు" అని రాసిన ప్రతిచోటా ఒక వస్తువు ఇంకొకటి అవుతుంది. ఇక్కడ ఆ తొమ్మిది ఏమీ కావడం లేదు. రెండో బ్యాటరీలో ఇంకో తొమ్మిది ముందే ఉంది, స్విచ్ తీగల దారి మళ్లిస్తుంది, అంతే. "స్విచ్ దారి మారుస్తుంది, దాంతో వోల్టేజి మారుతుంది" అనండి. మార్చు, మారు రెండూ పక్కపక్కనే పెట్టగలిగినప్పుడు ఎవరు చేశారు, ఏది దానంతట అయింది అనేది తెలుగులో ఎంత తేటగా తెలుస్తుందో చూడండి.

"శ్రేణి" నాకు చాలా ఇష్టమైన మాట. శ్రేణి అంటే వరుస. గణితంలో శ్రేణి అంటే పదాల కూడిక కూడా. బ్యాటరీలను శ్రేణిలో కలిపితే జరిగేది సరిగ్గా అదే: 9, 9 కలిసి 18. అంతెందుకు, ఆ 9 వోల్టుల బ్యాటరీ లోపల కూడా ఒకటిన్నర వోల్టుల ఘటాలు ఆరు వరుసలో ఉంటాయి. బ్యాటరీని ఘటమాల అనడం అందుకే అంత చక్కగా కుదిరింది.

"సమాంతరం" దగ్గరే నాకు ఇబ్బంది. సమాంతర రేఖలంటే ఎప్పటికీ కలవనివని నేర్చుకున్నాం. ఈ బ్యాటరీలేమో రెండు కొనల్లోనూ కలుస్తాయి, ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడ తడబడటం నేను చూశాను. పుస్తకంలో మాటను తీసేయమనను, పక్కన "జోడు" చేర్చండి. జోడెడ్లు ఒకే బండిని లాగుతూ బరువు పంచుకుంటాయి. ఈ బ్యాటరీలూ అంతే: వోల్టేజి తొమ్మిదే, కరెంటును చెరిసగం ఇస్తాయి, కాబట్టి దాదాపు రెట్టింపు కాలం వస్తాయి.

పోస్టు పెట్టినవారు
జోడు చాలా బాగుంది! స్విచ్ పక్కన "వరుస", "జోడు" అని రాసుకుంటాను. వైరింగు ఇది, మాటల్లో ఎక్కడైనా తేడా ఉంటే చెప్పండి. ఆరు కాళ్ల డీపీడీటీ స్విచ్ (రెండు తీగల దారిని ఒకేసారి మళ్లించేది). మొదటి బ్యాటరీ ప్లస్ నేరుగా ప్రీయాంప్‌కు, రెండోదాని మైనస్ నేరుగా కేబుల్ గుచ్చే స్టీరియో జాక్‌లో రింగు అనే కొనకు (కేబుల్ పెట్టినప్పుడే కరెంటు పారాలి కదా). మొదటిదాని మైనస్, రెండోదాని ప్లస్ స్విచ్ నడిమి కాళ్లకు. ఒక చివర ఉన్న రెండు కాళ్లను ఒకదానితో ఒకటి కలిపితే అటువైపు వరుస. రెండో చివర, మైనస్ వైపు కాలు జాక్ రింగుకు, ప్లస్ వైపు కాలు ప్రీయాంప్ ప్లస్‌కు వెళితే జోడు.

జవాబు
వైరింగు సరిగ్గా ఉంది. ఒక్కటి తప్పనిసరిగా చేర్చండి: స్విచ్ పాత దారి వదిలాకే కొత్త దారి పట్టే రకం కావాలి. క్షణంపాటు రెండు దారులూ కలిసినా బ్యాటరీలు షార్ట్ అవుతాయి. దీన్ని "విడిచి పట్టే స్విచ్" అంటే ఎలా ఉంటుంది? అలాగే జోడులో పెట్టే బ్యాటరీలు రెండూ ఒకే రకం, కొత్తవి అయి ఉండాలని రాయండి. ఒకటి పాతదైతే కొత్తది దానిలోకి కరెంటు తోస్తుంది, కేబుల్ తీసేసినా ఆగదు.

మరో జవాబు
"విడిచి పట్టే" చదవగానే పని కళ్లముందు కనిపించింది, వాడండి.

ఇంకో మాట. 18 పెడితే "పవర్ పెరుగుతుంది" అని చాలామంది అంటారు. దయచేసి అలా రాయకండి. ప్రీయాంప్ సిగ్నల్‌ను ఎన్నింతలు పెంచుతుందనేది మారదు, కాబట్టి శబ్దం రెట్టింపు కాదు. గట్టిగా మీటినప్పుడు సిగ్నల్ శిఖరాలు తెగకుండా పైన ఖాళీ దొరుకుతుంది. నేనైతే "పై ఎడం" అంటాను. ఇల్లు ఎత్తు పెంచితే మనిషి పొడుగవడు, తల తగలదు. తేడా వినపడేది బలంగా మీటేవాళ్లకే. ఇంకా, సర్క్యూట్ 18ని తట్టుకుంటుందో లేదో ముందు చూసుకోవాలి. ఈఎంజీ కంపెనీ పికప్‌లు (తీగల కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే భాగాలు) 27 వోల్టుల దాకా తట్టుకుంటాయి. 9 వోల్టులకే చేసిన ప్రీయాంప్‌లో 16 వోల్టుల వరకే తట్టుకునే కెపాసిటర్ ఉంటే మాత్రం 18 పెట్టకూడదు.

పోస్టు పెట్టినవారు
అందరికీ కృతజ్ఞతలు. మొదటి పేరా తిరగరాశాను: "ఇందులో 9 వోల్టుల బ్యాటరీలు రెండు ఉంటాయి. స్విచ్ వాటి మధ్య దారి మారుస్తుంది. జోడు (సమాంతరం) వైపు పెడితే రెండూ కలిసి 9 వోల్టులే ఇస్తూ ఎక్కువకాలం వస్తాయి. వరుస (శ్రేణి) వైపు పెడితే 18 వోల్టులు వచ్చి, గట్టిగా మీటినా స్వరం తెగకుండా పై ఎడం దొరుకుతుంది. విడిచి పట్టే స్విచ్చే వాడాలి."