మగ గప్పీలు వెలిసిపోయాయి, పిల్లలు కూడా తగ్గాయి. లోపం మేతలోనేనా?

పటమట_తొట్లు:
అందరికీ నమస్కారం. మాది విజయవాడ పటమట. డాబా మీద మూడు సిమెంటు తొట్లలో రెండేళ్లుగా గప్పీలు అనే చిన్న రంగు చేపల్ని పెంచుతున్నాను. మొదట్లో తెచ్చిన మగవాటి ఒంటి మీద నారింజ మచ్చలు నిప్పుకణికల్లా ఉండేవి, మా పాప స్కూల్ నుంచి రాగానే బ్యాగ్ కూడా దించకుండా మేడెక్కేది. సంక్రాంతి దాటినప్పటి నుంచి మచ్చలు పాలిపోయాయి, మగవి ఆడవాటి వెంట తిరగడం కూడా బాగా తగ్గించాయి. ఇంతకుముందు ఒక్కో ఆడ చేపకు ముప్పై దాకా పిల్లలు కనిపించేవి, ఇప్పుడు పది కూడా లేవు. నీళ్లు మున్సిపల్ కుళాయివే, రెండు రోజులు నిలవ ఉంచి పోస్తాను. మేత మాత్రం ఒకటే, షాపులో విడిగా కిలో లెక్కన అమ్మే పెల్లెట్లు, ఆదివారం కొంచెం ఉడికించిన గుడ్డు పచ్చసొన. మా మావయ్యకు గుంటూరులో మిర్చి వ్యాపారం, ఎండుమిర్చి పొడి చిటికెడు కలిపితే రంగు తిరిగొస్తుందని గట్టిగా చెబుతున్నాడు. నిజమేనా? రంగు వస్తే పిల్లలు కూడా పెరుగుతాయా? రోజూ చూస్తుంటే టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

బ్రాడీపేట_జువాలజీ:
మీ మావయ్య గారి మాటలో సగం నిజం ఉందండీ. ఎండుమిర్చి ఎరుపుకు కారణం క్యాప్సాంథిన్, అది కెరోటినాయిడ్ జాతి వర్ణకం. గప్పీ నారింజ మచ్చలోనూ కెరోటినాయిడ్లు ఉంటాయి, వాటిని చేప ఒంట్లో తయారు చేసుకోలేదు, తిని సంపాదించుకోవాల్సిందే. అదే మచ్చలో డ్రోసోప్టెరిన్ అనే ఇంకో ఎరుపు వర్ణకం ఉంటుంది, దాన్ని మాత్రం చేప తనే తయారు చేసుకుంటుంది. అందుకే మేత బాగాలేకపోయినా మచ్చ పూర్తిగా పోదు, ఉతికిన చీరలా వెలుస్తుంది. గప్పీల సొంత ఊళ్లలో ఒకటైన ట్రినిడాడ్ దీవిలో ఇది వాగుల్లోనే కనిపిస్తుంది. ఎండ బాగా పడే వాగుల్లో నాచు ఎక్కువ, మగవాటికి కెరోటినాయిడ్లు బాగా దొరుకుతాయి. చెట్ల నీడలో ఉండే వాగుల్లో రెండూ తక్కువే. ఆడవి చాలాచోట్ల నారింజ ఎక్కువగా ఉన్న మగవాటినే ఇష్టపడతాయి. నాచు బాగా తిని ఒళ్లు నిలబెట్టుకున్నవాడు అని ఆ మచ్చే చెబుతుంది కదా.

ఇక మీ రెండో ప్రశ్న. రంగు వేరు, విత్తనం వేరు. రంగు మేత ఒక్కటే పెడితే మచ్చ మెరవొచ్చు గానీ లోపల వీర్యం పెరుగుతుందని భరోసా లేదు. తిండి తగ్గించిన మగ గప్పీల్లో వీర్యకణాల సంఖ్య తగ్గుతుందని ప్రయోగాల్లో తేలింది. చేపల వీర్యకణాల పొరలో ఒమేగా-3 కొవ్వులు ఎక్కువ, అవి మేత నుంచే రావాలి. విటమిన్ సి కూడా అంతే, అది లోపించిన రెయిన్‌బో ట్రౌట్ అనే చేపల్లో మగవాటికి వీర్యకణాల కదలిక తగ్గింది. మన బెజవాడ ఎండకు నోరు తెరిచి ఉన్న సంచిలో నెలల తరబడి పడున్న పెల్లెట్లలో విటమిన్ సి ఏం మిగులుతుంది చెప్పండి, నూనె కూడా చెడిపోతుంది. నాకు ముందు అనుమానం ఆ విడి పెల్లెట్ల మీదే. మిర్చి పొడి మాత్రం వద్దు, గుంటూరు మిర్చికి కారం ఎక్కువ, చిన్న తొట్లో ఆ ప్రయోగం నేనైతే చేయను. దాని బదులు స్పిరులినా అనే నాచు పొడి, లేదా ఉప్పు వేయని ఎండు రొయ్యల పొడి కొంచెం పెట్టండి. రొయ్య ఉడికితే ఎర్రబడేది అస్టాక్సాంథిన్ వల్లే, అదీ కెరోటినాయిడే.

కొల్లేరు_గట్టు:
నేను గప్పీలు పెంచను, కైకలూరు వైపు హేచరీలో పదేళ్లు పని చేశాను, ఇప్పుడు విజయవాడలో ఉంటున్నాను. మాస్టారు చెప్పింది బొచ్చె, శీలావతి విషయంలో కళ్లారా చూశాను. సీజన్‌లో మగ చేపను పట్టుకుంటే మొప్పల వెనక రెక్క గరుకుగా తగులుతుంది, పొట్ట మెల్లగా నొక్కితే పాలలాంటి ద్రవం వస్తుంది. మేత సరిగ్గా లేని చెరువులో మగవి ఆ పాలు పల్చగా, నీళ్లలా ఇచ్చేవి. 1957లో కటక్‌లో హీరాలాల్ చౌదరి గారు పిట్యూటరీ గ్రంథి రసం ఇంజెక్షన్‌తో శీలావతి లాంటి కార్ప్ చేపల చేత గుడ్లు పెట్టించిన దగ్గర నుంచి అందరి ధ్యాసా ఇంజెక్షన్ మీదే. కానీ ఆ ఇంజెక్షన్ లోపల తయారై ఉన్నదాన్ని బయటికి తెస్తుంది, లేనిదాన్ని పుట్టించలేదు. చాలామంది ఆడ చేప పొట్ట ఉబ్బిందా లేదా అనే చూస్తారు, మగదానికి తవుడు, నూనె తీసిన చెక్క సంచి కట్టేసి వదిలేస్తారు, అది చూస్తే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. అందులోనూ పత్తి చెక్క అయితే ఇంకా జాగ్రత్త, దానిలోని గాసిపోల్ మగ పశువుల వీర్యాన్ని దెబ్బ తీస్తుందని ఎప్పటి నుంచో తెలుసు. బ్రూడర్లకు, అంటే పిల్లల కోసం ఉంచే తల్లి, తండ్రి చేపలకు, ప్రత్యేకంగా సిఫా (భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ) వాళ్లు సిఫాబ్రూడ్ అని మేత కూడా తెచ్చారు. మీ గప్పీలకు అది అక్కర్లేదు, నేను చెప్పేదల్లా మగదాని పళ్లెం కూడా చూడండి అని.

అరండల్‌పేట_అమ్మాయి:
అన్నయ్యా, రంగు మేత వల్లే తగ్గి ఉండొచ్చు, కాదనను, కానీ పిల్లలు తగ్గిన నేరం మొత్తం మగవాటి మీద వేయకండి. ఆడ గప్పీ ఒక్కసారి కలిస్తే ఆ వీర్యాన్ని నెలల తరబడి దాచుకుంటుంది, ఇంచుమించు నెలకోసారి పిల్లల్ని పెడుతూ పోతుంది. అంటే ఇవాళ పుట్టిన పిల్లలు మీ మగవి బాగున్న రోజుల్లోవి కూడా కావచ్చు. ఆడవి తినేదీ అదే పాత మేత కదా, వాటికి గుడ్లే తక్కువ తయారవుతుంటే మగది ఏం చేస్తుంది? పైగా పెద్దవి పిల్లల్ని తినేస్తాయి, నాచు మొక్కలు తక్కువుంటే మీ కంటపడేలోపే సగం అయిపోతాయి. కడుపుతో ఉన్నదాన్ని విడిగా పెట్టి లెక్కపెడితేనే అసలు సంఖ్య తెలుస్తుంది. ఇంకోటి, రెండేళ్లుగా ఒకే కుటుంబంలో సంబంధాలు కలుపుతున్నట్టే ఉంది, వేరే చోట నుంచి రెండు మూడు మగవి తెచ్చి చూడండి. తొట్లకు ఎండ నేరుగా తగులుతోందా? ఈ ఎండల్లో డాబా మీద నీళ్లు వేడెక్కితే మేత ఎంత మంచిదైనా లాభం లేదు, ముందు గ్రీన్ నెట్ కట్టండి.

పటమట_తొట్లు:
అందరికీ చాలా థ్యాంక్స్. ఇప్పుడే వెళ్లి ఆ పెల్లెట్ల కవర్ వాసన చూశాను, పాత నూనె వాసన కొడుతోంది. విడిగా కొన్నాను కాబట్టి దాని మీద తేదీ కూడా లేదు. మొత్తం పారేశాను. నెట్ రేపు కడతాను, నీళ్లు మధ్యాహ్నం పూట చేతికి వెచ్చగానే తగులుతున్నాయి, అమ్మాయి గారు బాగా గుర్తు చేశారు. మంచి మేత మొదలుపెడితే తేడా ఎన్నాళ్లకు తెలుస్తుంది?

బ్రాడీపేట_జువాలజీ:
తొందరపడకండి. వీర్యకణం మొదటి నుంచి తయారవడానికే నెల పైన పడుతుంది, కాబట్టి కనీసం రెండు నెలలు ఒకేలా మేపండి. మీకు మూడు తొట్లున్నాయి కదా, ఒకదానిలో తేదీ చూసి కొన్న కొత్త సీల్డ్ మేత మాత్రమే, రెండో దానిలో అదే మేతతో పాటు రొయ్యల పొడి, మూడోది కడుపుతో ఉన్న ఆడవాటికి. రెండు పూటలా రెండు నిమిషాల్లో తినేసేంతే వేయండి, మిగిలిన మేత నీళ్లను పాడు చేస్తుంది. పచ్చసొన ఆపేసినా పర్వాలేదు. వారానికోసారి మగవాటి ఫోటో తీసి పెట్టండి, కానీ ఒకే టైంలో, ఒకే వెలుతురులో తీయండి, ఒకటి పొద్దుటి ఎండలో ఇంకోటి సాయంత్రం తీస్తే రంగు మారిందో వెలుతురు మారిందో తెలీదు. ఒళ్లు ఎస్ ఆకారంలో వంచి ఆడదాని ముందు వణుకుతున్నాయా లేదా అన్నది కూడా రాసుకోండి, నాకైతే మచ్చ కంటే ముందు అదే కావాలి.