అప్‌డేట్: పాపకి చివరికి ఎన్ని బిబ్‌లు ఉంచానంటే

బిబ్‌లు ఏవి పనికొస్తాయి, ఎన్ని ఉంచుకోవాలి అని పాప 4వ నెలలో అడిగాను కదా, అప్పటికి ఇంట్లో 20 పైనే ఉన్నాయి. ఇప్పుడు 8వ నెల. చొంగకి మెత్తటి కాటన్‌వి 8 ఉంచాను, ఆరైనా చాలేమో గానీ మా అమలాపురంలో ముసురు పట్టిందంటే రెండు రోజులైనా బట్ట ఆరదు, ఒకసారి తడి బిబ్ అలాగే ఉంచేస్తే మెడ మడతల్లో ఎర్రగా ఒరిసిపోయింది, చూస్తే ఏడుపొచ్చింది. ఉగ్గుకి కింద జేబున్న సిలికాన్‌వి రెండే, కడిగి తుడిస్తే చాలు. చక్కరకేళి గుజ్జు గుడ్డ మీద పడితే గోధుమరంగు మరక, ఉతికినా పోవట్లేదు. తాడు కట్టేవన్నీ తీసేశాను, ప్రెస్ బటన్‌వే నయం. పడుకోబెట్టేటప్పుడు మాత్రం ఏ బిబ్ అయినా తీసేయండి, మెడకి బిగుసుకునే ప్రమాదం ఉంది. మిగిలినవి మా ఆడపడుచు బాబుకి ఇచ్చేశాను.