అప్‌డేట్: పైలట్‌కు సొంత ఖర్చుతో న్యాయ రక్షణ కవరేజీ అవసరమా?

పనిచేసే విమాన సంస్థ బీమా, యూనియన్ సభ్యత్వం రెండూ ఉన్న నాలాంటి పైలట్ విడిగా న్యాయ రక్షణ కవరేజీ (న్యాయవాది ఖర్చులు భరించే బీమా) కొనుక్కోవాలా అని ఇంతకుముందు అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. ఉన్న పత్రాలను ముందుగా ఒక న్యాయవాదికి చూపించమన్న సూచనే ఉపయోగపడింది.

విమానయాన చట్టం తెలిసిన న్యాయవాది వాటిని చదివి తేల్చినదేమిటంటే, సంస్థ బీమా ఇతరులకు జరిగిన నష్టాన్ని చెల్లించడానికే తప్ప, నియంత్రణ సంస్థ నా లైసెన్సును సస్పెండ్ చేయబోతే నా పక్షాన వాదించడానికి కాదు. సంస్థ న్యాయవాది కూడా సంస్థ ప్రయోజనాన్నే చూస్తారు. యూనియన్ సాయం విధి నిర్వహణ వరకు బాగానే వర్తిస్తుంది గానీ, సెలవు రోజుల్లో నేను ఇచ్చే విమాన శిక్షణకూ, వైద్య ధ్రువపత్రం వివాదాలకూ వర్తించదని యూనియన్ పత్రంలోనే స్పష్టంగా ఉంది. ఇన్నేళ్లూ నేను ఆ పేజీ తిప్పనేలేదు! ఆ లోటు కోసమే కవరేజీ తీసుకున్నాను.

సమాధానాల్లో వచ్చిన విషయాల్లో, నడిపే విమానం పరిమాణం, నా ఫ్లైట్ గంటలు ఈ నిర్ణయానికి సంబంధం లేనివని తేలింది. ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) ప్రమాద దర్యాప్తు నిబంధనలైన అనెక్స్ 13 ప్రకారం ప్రమాద దర్యాప్తు నింద మోపడానికి కాదన్న మాట నిజమే, కానీ లైసెన్సుపై చర్య వేరే ప్రక్రియ. కవరేజీ మొదలుకాక ముందు జరిగిన సంఘటనలకు నా పాలసీ వర్తించదు.