నాలుగున్నరేళ్ల బాబు ‘క’కి బదులు ‘త’ అంటున్నాడు, నాలుక కింద నరం కోయించాలా?

గుణుపురం_అమ్మ:
మా బాబు మేకని ‘మేత’ అంటాడు, అక్కని ‘అత్త’ అంటాడు, గేదెని ‘దేదె’ అంటాడు. మిగతా మాటలు గలగలా వస్తాయి. పిలిస్తే పలుకుతాడు. ఇంట్లో తెలుగు, అంగన్‌వాడీలో ఒడియా. మా అత్తగారు వస కొమ్ము అరగదీసి నాకించమంటున్నారు. పక్కింటివాళ్లు నాలుక కింద నరం కోయిస్తే సరిపోతుందంటున్నారు. రెండు భాషలవల్లే ఇలా అయిందని ఇంకొకరు. ఏటి చెయ్యాలి?

నాగావళి_గట్టు:
నరం సంగతి ముందు చూద్దామండీ. అద్దం ముందు నిలబడి ‘త’ అనండి, వెంటనే ‘క’ అనండి. ‘త’కి నాలుక కొన పైపళ్లకి తగులుతుంది. ‘క’కి కొన కిందే ఉండిపోతుంది, వెనక భాగం లేచి అంగిటికి అంటుకుంటుంది. నరం బిగుతుగా ఉంటే కష్టపడేది కొన, అంటే ల, ర, త లాంటివి. మీవాడి కొన పనిలేని చోట కూడా పనిచేస్తోంది! కోసినంత మాత్రాన వెనక భాగం లేవదు.

వస జోలికి పోకండి. వసపిట్టలా మాట్లాడతారన్నది మాటవరసకే. పసివాళ్లకి దానివల్ల వాంతులు పట్టుకుంటాయి.

రెండు భాషల అనుమానం ఇంట్లోనే తీర్చుకోవచ్చు. ఒడియాలో ఆవుని ‘గాఈ’ అంటారు, కుక్కని ‘కుకుర’ అంటారు కదా. ఆ బొమ్మలు చూపించి చెప్పించండి. ‘దాఈ’, ‘తుతుర’ అన్నాడంటే తప్పు రెండు భాషల్లోనూ ఒకటే, భాషల కలగాపులగం కాదు. ఏ భాషా మానిపించక్కర్లేదు.

చిన్నపిల్లలు క, గ లను త, ద లుగా పలకడం మామూలే, సాధారణంగా మూడున్నరేళ్లకల్లా పోతుంది. నాలుగున్నరకీ ఉందంటే చూపించాల్సిందే.

కోక_తోక:
పై మాటకి తోడు చెవి పరీక్ష తప్పనిసరి. పిలిస్తే పలకడం పరీక్ష కాదు. తరచూ జలుబు చేసే పిల్లలకి కర్ణభేరి వెనక నీరు చేరి సన్నని తేడాలు తెలియకపోవచ్చు. ఆడియోమెట్రీ (ఎంత వినపడుతోందో చూసే పరీక్ష)తోపాటు టింపనోమెట్రీ (కర్ణభేరి కదలికని బట్టి వెనక నీరుందేమో చూసే పరీక్ష) కూడా అడగండి. టార్చి వేసి అంగిలి, కొండనాలుక చూడండి. కొండనాలుక రెండుగా చీలి ఉన్నా, మాట ముక్కులోంచి వస్తున్నా ఇంటి సాధన మొదలుపెట్టకుండా ముందు డాక్టరుకి చూపించండి.

అవి బాగుంటే ఇలా చేయించండి. మొదట చెవికి పని. మేక–మేత, కోక–తోక, కొండ–తొండ, చెక్క–చెత్త బొమ్మలు గీసి పెట్టండి. మీరు అంటే వాడు చూపించాలి. పదింట ఎనిమిదైనా సరిగా చూపించేదాకా పలకమనకండి. తేడా వినపడని పిల్లాడితో ‘క’ అనిపించబోతే ‘త’నే గట్టిగా అరుస్తాడు.

తరవాత ధ్వని రప్పించాలి. తలగడ లేకుండా వెల్లకిలా పడుకోబెడితే నాలుక వెనక్కి జారుతుంది. వాడి వేలితోనే నాలుక కొనని కింది పళ్ల వెనక మెల్లగా ఆపమనండి. వేలు లోపలికి పోతే డోకు వస్తుంది. ‘క’ అనమనకండి, ‘అక్’ అనమనండి. అది వచ్చాక కా, కో, కూ. కి, కే చివర్లో, ఎందుకంటే ఇ, ఎ లకి నాలుక ముందుభాగం లేచి మళ్లీ ‘త’లోకి జారుతుంది.

మాటల్లోకి వచ్చేసరికి తెలుగులో మనకో సుళువు ఉంది, ఒత్తులు. అక్క, చుక్క, ముక్కు అన్నప్పుడు నాలుక కాసేపు అంగిటికి అంటుకునే ఉంటుంది, పిల్లాడికి సర్దుకునే టైము దొరుకుతుంది. వీటితో మొదలుపెట్టి, తరవాత మేక, పాక, ఆ పైన కోక, కొండ. ‘కుక్క’లో రెండు ‘క’లు, దాన్ని ఆఖరికి ఉంచండి.

రోజుకి రెండుసార్లు, ఐదారు నిమిషాలు. 40 చింతపిక్కలు పెట్టుకుని మాటకో పిక్క గిన్నెలో వేయించండి. వరసగా రెండు రోజులు 32కి తగ్గకుండా సరిగ్గా వస్తేనే తరవాతి మెట్టు.

పర్లాకిమిడి_రోడ్డు:
గొంతులో నీళ్లు పోసి గరగరలాడించమని కొందరు చెబుతారు, అది కూడా పెట్టొచ్చు కదా?

కోక_తోక:
ఈ వయసుకి పొలమారుతుంది, నేనైతే వద్దంటాను. బుడగలు ఊదడం, నాలుక కసరత్తులు కూడా మాటకి పనికిరావు.

తేడా కొట్టేవి రెండు. ఒకటి, ‘క్‌తోక’ అని రెండూ కలిపేస్తాడు. అప్పుడు ‘క్‌… హోక’ అని గుసగుసగా విడదీసి చెప్పించండి, మధ్యలో ‘హ’ ఉంటే ‘త’కి చోటుండదు. రెండోది, కొత్తగా ‘క’ వచ్చిన ఊపులో తాతని ‘కాక’ అంటాడు. కంగారు పడకండి, కోక–తోక బొమ్మలు మళ్లీ కలిపి ఆడించండి.

అన్నం దగ్గర తప్పు పట్టకండి. ‘మేత వచ్చింది’ అంటే ‘ఔను, మేక వచ్చింది’ అని ఊరుకోండి.

గుణుపురం_అమ్మ:
‘దాఈ’ అనే అన్నాడండీ! ఎక్కడ చూపించాలి?

నాగావళి_గట్టు:
ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) కింద 18 ఏళ్ల లోపు పిల్లలకి ఉచితంగా చూస్తారు. అంగన్‌వాడీకి వచ్చే ఆ బృందాన్ని డీఈఐసీకి (పిల్లల ఎదుగుదల లోపాలు చూసే జిల్లా కేంద్రానికి) రాసిమ్మనండి. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఈఎన్‌టీ విభాగంలోనూ అడగొచ్చు. ప్రైవేటుగా స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వెళితే ఆర్‌సీఐ (ఇలాంటి నిపుణులని నమోదు చేసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు అడగడానికి మొహమాటపడకండి. థెరపిస్టుకి తెలుగు రాకపోవచ్చు, అందుకని బాబు తెలుగులో, ఒడియాలో మాట్లాడింది రెండేసి నిమిషాలు ఫోనులో రికార్డు చేసి, వాడన్న ప్రతి మాట పక్కనా అసలు మాట ఒడియా అక్షరాల్లో రాసి తీసుకెళ్లండి.